గాలిపట క్రీడలు, భద్రత: సికింద్రాబాద్ మైదానం నుంచి సముద్రం దాకా

సికింద్రాబాద్‌లో గాలిపటం అంటే సంక్రాంతి. జనవరి మొదలవగానే బజార్లలో పతంగులు, దారం చుట్టిన చర్ఖాలు వేలాడతాయి. పిల్లలు మిద్దెలెక్కుతారు. ఎవరి పతంగి తెగినా నాలుగు మిద్దెల మీంచి ‘ఆఫా!’ అని కేక వినిపిస్తుంది. పండుగ వేళ పరేడ్ గ్రౌండ్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం అంతర్జాతీయ గాలిపటాల ఉత్సవం నిర్వహిస్తూ వస్తోంది. 2020లో, ఆ తర్వాత కొవిడ్ విరామం ముగిశాక 2024, 2025లలో అది జనవరి 13 నుంచి 15 వరకు జరిగింది. ఆ గాలిపటాన్నే ఎన్నో రెట్లు పెద్దది చేసి, నడుముకు తగిలించుకుని, కాళ్ల కింద పలక వేసుకుని నీటి మీద దూసుకుపోతే అది కైట్‌సర్ఫింగ్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ‘ఫార్ములా కైట్’ పేరుతో ఇది తొలిసారి పతకాల క్రీడ అయింది. ఆ పోటీలు మార్సెయ్ తీరంలో జరిగాయి. అంతకు ముందు ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత్ తరఫున చిత్రేశ్ తథా ఇదే విభాగంలో పోటీపడ్డాడు.

మిద్దె మీది పతంగికీ సముద్రం మీది కైట్‌కీ పరిమాణంలో పోలిక లేదు. ప్రమాదాల తీరులో మాత్రం దగ్గరి చుట్టరికం ఉంది. తెగిన పతంగి వెంట రోడ్డు మీదికి పరిగెత్తే పిల్లవాడు, కరెంటు తీగకు చిక్కిన గాలిపటాన్ని ఇనుప కడ్డీతో లాగే కుర్రవాడు, ఈదురుగాలిలో కైట్ తాళ్లు కలిసే బార్‌ను రెండు చేతులా బిగించి పట్టుకున్న కైట్‌సర్ఫర్ ముగ్గురూ చేసే పొరపాటు ఒక్కటే. వదిలేయాల్సిన క్షణంలో వదలలేకపోతారు. ఈ క్రీడల భద్రతా నియమాల్లో చాలావరకు ఆ వదలడాన్ని ముందే సులభం చేసిపెట్టుకోవడానికి పుట్టినవే.

గాలి, లాగుడు

గాలి వేగం రెండింతలైతే అది చూపే బలం నాలుగింతలవుతుంది. కొత్తవాళ్లు గాలిని తక్కువగా అంచనా వేయడానికి ఇదే మొదటి కారణం. గాలి వేగాన్ని నాట్లలో కొలుస్తారు. 1 నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 12 చదరపు మీటర్ల కైట్‌ను తీసుకుని మోటుగా లెక్క వేద్దాం. 10 నాట్ల గాలిలో దాని మీద పడే బలం దాదాపు 20 కిలోల బరువుతో సమానం. 20 నాట్లకు అది 80 కిలోలు. 30 నాట్లకు 175 కిలోలు దాటుతుంది. అంటే మధ్యాహ్నం హాయిగా ఆడుకున్న కైటే సాయంత్రం గాలి రేగేసరికి నిలువెత్తు మనిషిని నేల మీంచి లేపగలదు. పైగా ఇది కైట్ కదలకుండా ఉన్నప్పటి లెక్క. ఆకాశంలో అడ్డంగా దూసుకుపోయే కైట్‌కు తన వేగం వల్ల మరింత గాలి తగిలి లాగుడు ఇంకా పెరుగుతుంది.

సంక్రాంతి పతంగి విస్తీర్ణం చదరపు మీటరులో చిన్న వంతే కాబట్టి లాగుడుతో భయం లేదు. అక్కడి భయమంతా దారంతోనే.

సికింద్రాబాద్ గాలికి రెండు ముఖాలున్నాయి. జనవరిలో తూర్పు, ఈశాన్యాల నుంచి వచ్చే గాలి మెల్లగా వీస్తుంది. కాగితపు పతంగికి అది చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల పడమటి గాలి బలంగా ఉంటుంది. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల పోటీలు జూలైలో పెట్టేది అందుకే. ఈ రెండింటికీ మధ్య, ఏప్రిల్ నుంచి జూన్ వరకు, సాయంత్రం పూట ఉన్నట్టుండి క్యుములోనింబస్ మేఘాలు కమ్ముకుని ఈదురుగాలులు లేస్తాయి. ప్రశాంతంగా ఉన్న గాలి నిమిషాల్లో మూడు నాలుగు రెట్లవడం ఈ కాలంలో మామూలే. బేగంపేటలోని వాతావరణ కేంద్రం కొన్ని గంటల ముందే హెచ్చరికలు ఇస్తుంది. పిడుగుల సమాచారానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ ఉంది. ఉరుము వినిపించిందంటే దారం చుట్టేయాల్సిందే. పతంగికైనా, కైట్‌కైనా ఇందులో మినహాయింపు లేదు.

మాంజా

నూలు దారానికి అన్నం గంజి, రంగు, నూరిన గాజుపొడి కలిపిన ముద్ద పట్టించి ఆరబెడితే మాంజా తయారవుతుంది. పేంచ్ వేసి ఎదుటివాడి దారాన్ని కోయడమే దీని పని. ఈ మాంజాతో వేళ్లు తెగుతాయి, పిట్టలు గాయపడతాయి. అయినా దీనికి ఒక గుణం ఉంది. చెట్టుకో మనిషికో తగిలి గట్టిగా లాగుడు పడితే ఇది తెగిపోతుంది. చైనా మాంజాగా పిలిచే సింథటిక్ దారం తెగదు. పేరుకు చైనాదే గానీ మన దేశంలోనూ తయారవుతుంది. నైలాన్ లాంటి ఒంటిపోగు దారానికి గాజుపొడో లోహపు పొడో పట్టిస్తారు. రోడ్డుకు అడ్డంగా వేలాడే ఈ దారం సన్నగా, దాదాపు పారదర్శకంగా ఉండటంతో కంటికి ఆనదు. ద్విచక్ర వాహనం మీద వచ్చే మనిషి గొంతుకు తగిలితే తెగకుండా జారుతూ కోస్తుంది. అతని వేగమంతా మిల్లీమీటరులో సగం కూడా లేని దారం అంచు మీద పడుతుంది. 2024 జనవరిలో సంక్రాంతి సమయంలోనే లంగర్ హౌజ్ ఫ్లైఓవర్ మీద బండిపై వెళ్తున్న ఒక సైనికుడు ఇలాగే ప్రాణాలు కోల్పోయాడు. కంటోన్మెంట్ ఉన్న ఈ ఊరికి ఆ వార్త మరింత దగ్గరగా తగిలింది.

తెలంగాణ ప్రభుత్వం 2016 జనవరిలోనే ఈ మాంజాను నిషేధించింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలై 11న ఇచ్చిన తీర్పుతో నైలాన్, సింథటిక్ మాంజా తయారీ, అమ్మకం, నిల్వ, వాడకం దేశమంతటా నిషిద్ధమయ్యాయి. అయినా ప్రతి పండుగకూ పోలీసులు చర్ఖాలు పట్టుకున్న వార్తలు వస్తూనే ఉంటాయి. తెగని దారం కొనేవాడికి పేంచ్ గెలవాలన్న పంతం తప్ప మరొకటి కనిపించదు. ఆ దారం ఎక్కడ పడుతుందో, ఎవరి మెడకు చుట్టుకుంటుందో అతను చూడడు. నిషేధం దుకాణం దాకానే వెళ్లగలదు. ఇంట్లో పిల్లవాడి చేతికి చర్ఖా ఇచ్చే పెద్దవాళ్లు ఆ దారాన్ని రెండు చేతులతో లాగి చూస్తే విషయం తేలిపోతుంది. నూలు పుటుక్కున తెగుతుంది. సింథటిక్ సాగుతుంది, వేలిని కోస్తుంది గానీ తెగదు.

పండుగ చుట్టూ ఆ నాలుగైదు రోజులు బండి నడిపేవారు వేగం తగ్గించాలి. ఫ్లైఓవర్ల మీద ఇంకా తగ్గించాలి. మెడకు మందపాటి మఫ్లరో కండువానో చుట్టుకుని కొసలు చొక్కా లోపలికి దోపుకోవాలి. పిల్లల్ని పెట్రోలు ట్యాంకు మీద ముందు కూర్చోబెట్టకూడదు. గుజరాత్‌లో హ్యాండిల్‌కు వంపు తిరిగిన కమ్మీని బిగించుకుంటారు. దారం మెడ దాకా రాకుండా అది పైకి నెట్టేస్తుంది. మన దగ్గర దాని వాడకం ఇంకా పెరగాలి. దారం తగిలినట్టు అనిపించగానే చేత్తో లాగకుండా ముందు బండి ఆపాలి. మెడ తెగితే శుభ్రమైన బట్టను గాయం మీద గట్టిగా అదిమి పట్టి 108కు ఫోన్ చేయాలి. బట్ట తడిసిందని తీసేయకుండా దాని మీదే ఇంకొకటి వేసి ఒత్తాలి. ఊపిరి ఆడే దారిని మాత్రం నొక్కకూడదు.

పక్షులకు పండుగ రోజుల్లోనే కాదు, ఆ తర్వాతి నెలల్లోనూ ప్రమాదమే. చెట్లకు చిక్కిన దారం అక్కడే ఉండిపోతుంది. తెల్లవారుజామున మేతకు బయల్దేరేటప్పుడు, సాయంత్రం గూటికి చేరేటప్పుడు పావురాలు, గద్దలు, కొంగలు అందులో చిక్కుకుంటాయి. ఆ రెండు వేళల్లో పతంగులు దించేస్తే చాలా రెక్కలు మిగులుతాయి. చిక్కిన పక్షి కనిపిస్తే దారం పట్టి లాగకూడదు. రెక్కకు రెండు పక్కలా దారాన్ని కత్తిరించి, ఒంటికి చుట్టుకున్న భాగాన్ని అలాగే ఉంచి, మెత్తటి బట్ట కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. నోట్లో నీళ్లు పోయకూడదు.

తీగల ఊరు

సికింద్రాబాద్ రైల్వే పట్టాలు అల్లుకున్న ఊరు. స్టేషన్, లాలాగూడ, మెట్టుగూడ, మౌలాలి అంతటా పట్టాల మీద 25,000 వోల్టుల తీగలున్నాయి. పరేడ్ గ్రౌండ్స్ పక్కన మెట్రో వచ్చింది. నాగోల్ వైపు వెళ్లే నీలి లైను 2017 నవంబరులో, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ వెళ్లే ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. మెట్రో పైతీగల్లోనూ అంతే వోల్టేజి ఉంటుంది. అంటే నగరంలో గాలిపటాలకు పేరుపడ్డ మైదానం పక్కనుంచే ఈ తీగలు సాగుతున్నాయి. గల్లీల్లో ఇంటి పిట్టగోడకు చేయి చాస్తే అందేంత దగ్గరగా 11,000 వోల్టుల లైన్లు పోయే చోట్లూ ఉన్నాయి.

ఇంత వోల్టేజి ఉన్న తీగను ముట్టుకుంటేనే షాక్ కొడుతుందనుకోవడం పొరపాటు. దగ్గరికి వెళ్తే చాలు, గాలిలోంచే మెరుపులా దూకుతుంది. రైల్వే తీగలకు కనీసం 2 మీటర్ల దూరం పాటించాలన్నది నియమం. పొడి నూలు దారం విద్యుత్తును అంతగా మోయదు. మంచుకో చెమటకో తడిస్తే మోస్తుంది. లోహపు పొడి పట్టించిన మాంజా అయితే తడవనక్కర్లేదు. పతంగి తీగకు చిక్కితే అదే క్షణంలో దారం చేతిలోంచి వదిలేయాలి. కర్రతో, కడ్డీతో, రాయి కట్టిన లంగరుతో దాన్ని దించబోయి ఎంతోమంది పిల్లలు ఇన్నేళ్లలో కాలిపోయారు. ఒక కాగితం పతంగి ఖరీదు పదో ఇరవయ్యో రూపాయలని ఆ వయసులో ఎవరూ లెక్క వేయరు. పెద్దవాళ్లే ముందు చెప్పి ఉంచాలి. వీధి లైనుకు చిక్కి నిప్పురవ్వలు లేస్తుంటే విద్యుత్ సంస్థ నంబరు 1912, రైలు తీగకైతే రైల్వే నంబరు 139.

మిద్దెల గురించి రెండే మాటలు. పిట్టగోడ లేని మిద్దె మీద పతంగి ఎగరేయకూడదు. దారం లాగుతూ వెనక్కి నడిచేవాడి కళ్లు ఆకాశంలో ఉంటాయి కాబట్టి అతని వెనక ఇంకొకరు నిలబడాలి.

భారీ గాలిపటాలు

పరేడ్ గ్రౌండ్స్ ఉత్సవంలో జనం ఎక్కువగా గుమిగూడేది గాలితో ఉబ్బే తిమింగలాలు, అష్టపాదులు, పులుల దగ్గర. ఇవి కర్ర లేని గాలిపటాలు. చిరగని నైలాన్ బట్టతో కుట్టి, గాలి లోపలికి దూరి ఆకారం నిలిచేలా చేస్తారు. తాడును నేలలో దించిన లంగరుకో, ఇసుక బస్తాలకో, వాహనానికో కడతారు. చేత్తో పట్టుకోవడం కుదరదు. చూడటానికి తాపీగా తేలుతున్నట్టుంటాయి. చిన్నపిల్లలు దగ్గరికి వెళ్లి తోకలు పట్టుకోవాలనుకునేది అందుకే.

2020 ఆగస్టు 30న తైవాన్‌లోని సించు నగరంలో జరిగిన ఉత్సవంలో మూడేళ్ల పాప పెద్ద గాలిపటం తోకలో చిక్కుకుంది. గాలి ఒక్కసారిగా లేవడంతో తోకతో పాటు పాప కూడా అందరి తలల పైకి ఎగిరింది. కింద ఉన్నవాళ్లు గాలిపటాన్ని దించి పట్టుకోగలిగారు కాబట్టి చిన్న గాయాలతో బయటపడింది. నిర్వాహకులు ఉత్సవాన్ని ఆపేశారు. ఆ దృశ్యాలు ప్రపంచమంతా చూసింది.

ఇలాంటి ఉత్సవంలో చూడటానికి వచ్చినవారు పాటించాల్సింది తేలికే. గాలిపటానికీ లంగరుకూ మధ్య నడవకూడదు. బిగిసిన తాడును దాటకూడదు, దాని మీద చేయి ఆనించకూడదు. పడి ఉన్న తాడు చుట్టల్లో కాలు పెట్టకూడదు. గాలి ఏ వైపు పోతోందో చూసుకుని, గాలిపటానికి ఎదురుగాలి వైపునో పక్కనో నిలబడాలి. తాడు తెగినా జారినా అది పడేది గాలి వాలునే. నిర్వాహకుల పని ఇంకా ఎక్కువ. గాలి వాలున జనం లేని ఖాళీ ఉంచాలి. తాళ్ల చుట్టూ కంచె కట్టాలి. గాలిపటాన్ని ఒక్క లాగుడుతో కూలదోసే అదనపు తాడు ఉందో లేదో ఎగరేసే ముందే చూడాలి. పట్టుకునేవారు తోలు చేతొడుగులు వేసుకోవాలి, తాడును ఎన్నడూ అరచేతికి చుట్టుకోకూడదు. చుట్టుకున్న తాడు మనం వదిలినా మనల్ని వదలదు.

కైట్‌సర్ఫింగ్

గాలిపటంతో పడవ లాగించాలన్న కోరిక పాతదే. శామ్యూల్ కోడీ 1903లో గాలిపటాలు లాగే పడవలో ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. నీళ్లలో పడ్డా మళ్లీ పైకి లేపగలిగే, గాలి నింపిన కైట్‌కు ఫ్రాన్స్‌కు చెందిన లెగానూ సోదరులు 1984లో పేటెంటు తీసుకున్నారు. 1990ల చివర్లో ఆట ప్రపంచమంతా పాకింది. ఆ తొలినాళ్ల కైట్లు లాగుడును తగ్గించుకునే వీలు పెద్దగా లేనివి. గాలి లేస్తే మనిషిని ఎత్తి తీరంలోని గోడకో రాళ్లకో విసిరేసేవి. ప్రాణాలు పోయాక తయారీ మారింది. 2005 ప్రాంతంలో వచ్చిన బో కైట్లలో బార్ వదిలితే లాగుడు బాగా తగ్గిపోయే ఏర్పాటు ఉంది. 2020లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ కైట్ విడుదల వ్యవస్థలకే ప్రత్యేకంగా ఐఎస్ఓ 21853 ప్రమాణాన్ని తెచ్చింది.

ఆ విడుదల వ్యవస్థను దగ్గరగా చూడాలి. ఆటగాడి నడుముకు హార్నెస్ అనే పట్టీ ఉంటుంది. దాని ముందు కొక్కెం. కైట్ నుంచి వచ్చే 20 మీటర్లకు పైబడిన నాలుగైదు తాళ్లు చేతిలోని బార్ దగ్గర కలుస్తాయి. మధ్య తాళ్ల చివర ఉండే రబ్బరు వలయాన్ని చికెన్ లూప్ అంటారు. అది కొక్కేనికి తగులుకుంటుంది. దేహం బరువంతా మోసేది అదే. దానికి కాస్త పైన సాధారణంగా ఎర్ర రంగులో, గుప్పిటకు సరిపోయే పిడి ఉంటుంది. అదే క్విక్ రిలీజ్. పిడిని ఒంటికి దూరంగా, కైట్ వైపు నెడితే వలయం తెరుచుకుంటుంది. లాగుడంతా పోయి కైట్ ఒకే ఒక్క తాడు మీద జెండాలా వేలాడి నీళ్లలో పడుతుంది. ఆ తాడు లీష్ అనే కట్టుతాడు ద్వారా ఇంకా ఆటగాడికి కట్టి ఉంటుంది. అప్పటికీ లాగుతుంటే, లేదా వేరొకరి తాళ్లలో చిక్కుకుంటే, లీష్‌కున్న రెండో పిడి నొక్కి కైట్‌ను పూర్తిగా వదిలేయాలి. మొదట బార్, తర్వాత పిడి, ఆ తర్వాత లీష్. క్రమం ఇంతే.

కాగితం మీద ఇది పిల్లలాట. నీళ్లలో అలా ఉండదు. బార్‌ను ఒంటి వైపు లాగితే కైట్ బలం పెరుగుతుంది. భయపడ్డ మనిషి చేయి మాత్రం ఏం దొరికితే దాన్ని ఒంటికి హత్తుకుంటుంది. కైట్ ఈడ్చుకుపోతున్నప్పుడు బార్‌ను ఇంకా గట్టిగా లాక్కోవడం, దాంతో కైట్ ఇంకా బలంగా ఈడ్వడం ఈ క్రీడలో అతి సాధారణమైన ప్రమాదం. దీనికి మందు సాధన ఒక్కటే. ఆటకు దిగే ప్రతిసారీ ఒడ్డునే కళ్లు మూసుకుని, కుడి చేత్తో ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి పిడి వెతికి నెట్టాలి. ఇసుక, ఉప్పు చేరితే పిడి బిగుసుకుంటుంది. కాబట్టి ఆట ముగిశాక మంచినీళ్లతో కడగాలి. హార్నెస్ జేబులో కొక్కెం ఆకారపు చిన్న కత్తి ఉంచుకోవాలి. దాని పదును లోపలి వైపే ఉంటుంది, తాళ్లను తెంపుతుంది గానీ చేతిని కోయదు. హెల్మెట్, దెబ్బ తగలకుండా కాపాడే కోటు వేసుకోవాలి. ఆ కోటు తేలడానికి సాయపడుతుంది గానీ లైఫ్ జాకెట్ కాదు. ఈత రానివాడు దాన్ని నమ్ముకుని నీళ్లలోకి దిగకూడదు.

సామగ్రి ఎంత మంచిదైనా తప్పు దిశలో వీచే గాలిని ఓడించలేదు. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి ప్రాణాంతకం. కైట్ పడిపోతే మనిషి అంతకంతకూ లోపలికి కొట్టుకుపోతాడు. రక్షక పడవ లేకుండా అలాంటి గాలిలో ఎవరూ దిగకూడదు. సముద్రం నుంచి సూటిగా ఒడ్డుకు వీచే గాలి మనిషిని రాళ్ల మీదికి, చెట్ల మీదికి తోస్తుంది. ఒడ్డుకు సమాంతరంగానో, కాస్త ఏటవాలుగా ఒడ్డు వైపో వీచే గాలి మేలు. ఏ దిశైనా గాలి వాలున కనీసం 50 మీటర్లు, వీలైతే 100 మీటర్లు గోడ, స్తంభం, తీగ, జనం లేని ఖాళీ ఉండాలి. పెద్ద ప్రమాదాల్లో చాలా భాగం నడి సముద్రంలో కాదు, ఒడ్డు మీదా ఒడ్డుకు ఆనుకున్న లోతు లేని నీళ్లలోనూ జరుగుతాయి. నీరు పడేవాడిని మోస్తుంది, గోడ మోయదు. అందుకే కైట్‌ను నెత్తి మీద నిలబెట్టుకుని ఒడ్డున కబుర్లాడటం అలవాటుగా మారకూడదు. ఒక్క గాలి తెర చాలు, మనిషి నేల విడుస్తాడు. కైట్ లేచిన వెంటనే నీళ్లలోకి నడిచిపోవాలి, ఆట ముగిశాక వెంటనే దించాలి.

లేపడానికి, దించడానికి పని తెలిసిన తోడు కావాలి. తాళ్లు మెలిక పడలేదని, సరైన కొసలకు తగిలించామని ఇద్దరూ చూశాకే ఆటగాడు బొటనవేలు పైకెత్తాలి. అరచేత్తో నెత్తి తట్టుకుంటే ‘నా కైట్ దించు’ అని అర్థం. నీళ్ల మీద ఇద్దరు ఎదురైతే కుడి చేయి, కుడి కాలు ముందుగా వచ్చేవారికి దారి హక్కు. ఎదురుగాలి వైపు ఉన్నవారు కైట్ పైకి, గాలి వాలున ఉన్నవారు కిందికి పట్టాలి. ఒడ్డు నుంచి బయల్దేరేవారికి, తిరిగొచ్చేవారు దారి ఇవ్వాలి. ఈతగాళ్లకూ జాలర్ల వలలకూ అందరూ ఇవ్వాలి.

కైట్ మళ్లీ లేవకపోతే సొంతంగా ఒడ్డు చేరడం నేర్చుకోని వాడిని కైట్‌సర్ఫర్ అనలేం. విడుదల పిడి నెట్టాక, కైట్‌ను జెండాలా పట్టుకున్న ఆ ఒక్క తాడునే ముందు బార్‌కు చుట్టాలి. మిగిలినవి ఆ తర్వాతే. క్రమం తప్పితే తాళ్లు సమానమై కైట్ మళ్లీ బలం పుంజుకుంటుంది. చుట్టేటప్పుడు వేళ్లు, కాళ్లు ఉచ్చుల్లో పడకుండా చూసుకోవాలి. కైట్ దగ్గరికి చేరాక దాని రెక్క కొస పట్టుకుని తెరచాపలా వాడుకుంటూ ఒడ్డుకు తేలిరావచ్చు. పలక ఎటో పోతే దాని వెంట పడకూడదు.

హుస్సేన్ సాగర్ ఎందుకు కాదు

ఇంటి దగ్గరే ఇంత నీరుండగా సముద్రం దాకా అంత దూరం ఎందుకన్న ప్రశ్న సహజం. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1562లో కట్టిన ఈ చెరువు విస్తీర్ణం 5.7 చదరపు కిలోమీటర్లు. తెరచాప పడవలకు ఇది దేశంలో పేరున్న చోటు. తిరుమలగిరిలోని సైనిక ఇంజినీరింగ్ కళాశాలతో ముడిపడిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ ఏటా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుపుతుంది. సికింద్రాబాద్ క్లబ్‌కు ఒడ్డునే సెయిలింగ్ విభాగముంది. సుహేమ్ షేక్ 2009లో స్థాపించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద పిల్లలకు పడవ నడపడం నేర్పింది. అక్కడ తయారైన కొంగర ప్రీతి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలదాకా వెళ్లింది.

పడవకు కుదిరింది కైట్‌కు కుదరదు. పడవ తిరగబడితే తెరచాప అక్కడే, మనిషి పక్కనే ఉంటుంది, రక్షక పడవ వస్తుంది. కైట్‌కు మనిషి నుంచి 20 మీటర్లకు పైగా గాలి వాలున ఖాళీ ఆకాశం, ఆ వెనక ఖాళీ తీరం కావాలి. బలమైన గాలి వీచే రుతుపవన కాలంలో గాలి పడమటి నుంచి వస్తుంది. అటు నెక్లెస్ రోడ్డు, చెట్లు, భవనాలు, ఎంఎంటీఎస్ పట్టాల మీది విద్యుత్ తీగలు. వాటిని దాటి వచ్చే గాలి తెరలు తెరలుగా, సుడులు తిరుగుతూ నీటి మీద పడుతుంది. గాలి వాలున, తూర్పున ఉన్నది ఇసుక తీరం కాదు. ట్యాంక్‌బండ్ రాతికట్ట, రెయిలింగ్, వాహనాల వరద. మధ్యలో 18 మీటర్ల బుద్ధ విగ్రహం, సంజీవయ్య పార్కులో 88 మీటర్ల జెండా స్తంభం. దగ్గర్లోనే బేగంపేట విమానాశ్రయం. అక్కడ ఇప్పటికీ సైనిక, ప్రత్యేక విమానాలు దిగుతాయి. 1934 నాటి విమాన చట్టం ‘విమానం’ నిర్వచనంలోనే గాలిపటాన్నీ చేర్చింది. 2025 జనవరి నుంచి దాని స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. వీటికి తోడు దశాబ్దాలుగా చెరువులో కలిసిన మురుగు. కైట్‌సర్ఫింగ్ మొదటి రోజుల్లో మనిషి పలక మీద కంటే నీళ్లలోనే ఎక్కువసేపు ఉంటాడు, తాగుతాడు కూడా. ఇన్ని కారణాల్లో ఏ ఒక్కటైనా వద్దనడానికి చాలు. హుస్సేన్ సాగర్ పడవల చోటు, అలాగే ఉండనివ్వాలి.

ఎక్కడ నేర్చుకోవాలి

సికింద్రాబాద్ నుంచి వెళ్లేవారికి అనువైనది తమిళనాడులోని రామేశ్వరం, మండపం ప్రాంతం. సన్నటి భూభాగానికి ఒక పక్క పాక్ అఖాతం, మరో పక్క మన్నార్ సింధుశాఖ. నైరుతి గాలి కాలంలో ఒకటి, ఈశాన్య గాలి కాలంలో మరొకటి పనికొస్తాయి. కొన్నిచోట్ల నడుము లోతు నీళ్లే చాలా దూరం ఉంటాయి. పడ్డవాడు లేచి నిలబడగలడు. జాలర్ల వలలు, పగడపు దిబ్బలు ఎక్కడున్నాయో స్థానికులను అడగకుండా దిగకూడదు. గోవాలో మోర్జిమ్, ఆరంబోల్ తీరాల్లోనూ ఆట సాగుతుంది. అక్కడ ఇబ్బంది తీరమంతా నిండిన పర్యాటకులతో.

తెలుగు తీరం కొత్తవాళ్లకు అంత సులువు కాదు. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి నైరుతి గాలి ఒడ్డుకు ఇంచుమించు సమాంతరంగానే వీస్తుంది. దిశ బాగుంది. నీరే బాగుండదు. ఒడ్డు దగ్గరే కెరటం నిలువునా విరుగుతుంది. సముద్రంలోకి లాగేసే ప్రవాహాల వల్ల ఆర్కే బీచ్‌లో ఏటా ప్రాణాలు పోతున్నాయి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ కూడా మంచి ఈతగాళ్లకూ అనుభవమున్నవారికీ మాత్రమే. సముద్రంలోకి లాగే ప్రవాహంలో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి.

గురువును ఎంచుకునేటప్పుడు 2001 నుంచి శిక్షకులకు ధ్రువీకరణ ఇస్తున్న అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ పత్రం ఉందేమో అడగాలి. రక్షక పడవ ఉందా, ఒక్కో శిక్షకుడికి ఎంతమంది శిష్యులు, నీళ్లలో ఉన్నవారితో రేడియోలో మాట్లాడతారా అన్నవీ అడగాలి. మొదటి పాఠం రెండు మూడు చదరపు మీటర్ల చిన్న కైట్‌తో ఒడ్డు మీదే జరగాలి. విడుదల పిడి చూపించకుండా పెద్ద కైట్ చేతికిచ్చే వాడి దగ్గర ఫీజు వదులుకునైనా వచ్చేయాలి.

నేర్చుకున్నాక చాలామంది వాడిన సామగ్రి కొంటారు, కొత్తది ఖరీదు కాబట్టి. కైట్ బట్టకు అతుకులున్నా ఫరవాలేదు. తాళ్లు అరిగితే మార్చుకోవచ్చు. బార్ విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. కొక్కేనికి తగిలించుకుని, ఇంకొకరిని అవతలి నుంచి ఒంటి బరువంతా వేసి లాగమని, ఒంటి చేత్తో పిడి నెట్టి చూడాలి. తడబడకుండా తెరుచుకోకపోతే ఆ బార్ ఎంత చవగ్గా వచ్చినా అమ్మేవాడికే తిరిగి ఇచ్చేయాలి.